ఫోల్డర్ వ్యూ పెట్టినట్టు నిలవడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

సింహాచలం పెళ్లి ఫొటోల ఫోల్డర్ తెరిచి, డీటెయిల్స్ వ్యూ పెట్టి, తీసిన టైము వరుసలో సర్దుతారు. మర్నాడు తెరిస్తే మళ్లీ పెద్ద పెద్ద బొమ్మలు, పేర్ల వరుస. విశాఖలో ఫొటో స్టూడియో అయినా, పోర్టు పనులు చూసే షిప్పింగ్ ఆఫీసు అయినా, రోజంతా ఫోల్డర్లతోనే పని చేసేవాళ్లకి ఇది నిజంగా ఓపిక పరీక్షించే సమస్య. కానీ సెట్టింగ్ సేవ్ కాకపోవడం చాలా అరుదు. ఎక్కువసార్లు సేవ్ అయినదాన్ని పక్కనపెట్టి విండోస్ ఇంకో వ్యూ చూపిస్తుంది.

విండోస్ 10, 11లలో ఒక్కో ఫోల్డర్ వ్యూ దాని దారిని బట్టి రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, నమోదవుతుంది. దీనికి తోడు, లోపలి ఫైళ్లను చూసి ఫోల్డర్‌ని ఐదు రకాల్లో ఒకటిగా విండోస్ అంచనా కడుతుంది: జనరల్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్. ఒక్కో రకానికి ఒక్కో డిఫాల్ట్ వ్యూ. ఈ అంచనా మారినప్పుడు మీ వ్యూ పోయినట్టు కనిపిస్తుంది.

నిన్న డీటెయిల్స్, ఇవాళ బొమ్మలు

కొత్త పెళ్లి ఫోల్డర్‌లో మొదట కొటేషన్ పీడీఎఫ్, ముహూర్తం వివరాల ఫైలు మాత్రమే ఉంటాయి. సాయంత్రం కెమెరా కార్డు నుంచి వందల జేపెగ్‌లు వచ్చి పడతాయి. అంతే, ఆ ఫోల్డర్ రకం పిక్చర్స్‌గా మారుతుంది, వ్యూ కూడా మారుతుంది.

దీనికి పెళ్లిళ్లన్నీ ఉండే పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో కస్టమైజ్ ట్యాబ్ తెరవండి. 'ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్' దగ్గర 'జనరల్ ఐటెమ్స్' ఎంచుకోండి. దాని కిందే ఉన్న సబ్‌ఫోల్డర్ల టిక్కు కూడా పెట్టి ఓకే చేయండి. ఈ టిక్కు మరిచిపోతే లోపలి ఫోల్డర్లు పాత పద్ధతిలోనే ఉంటాయి. తర్వాత కావలసిన వ్యూ పెట్టి, విండో మూసి, మళ్లీ తెరిచి చూడండి.

కంప్యూటర్ మొత్తం మీద ఈ అంచనాలు ఆపాలంటే రిజిస్ట్రీలో మార్పు చేయాలి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెజ్‌ఎడిట్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి తెరవండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, లోకల్ సెట్టింగ్స్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, షెల్, బ్యాగ్స్, ఆల్‌ఫోల్డర్స్, షెల్: ఈ వరుసలో లోపలికి వెళ్లండి. చివరి రెండు లేకపోతే కొత్త కీలుగా (రిజిస్ట్రీలో ఫోల్డర్ లాంటివి) చేసుకోండి. అక్కడ ఫోల్డర్‌టైప్ అనే స్ట్రింగ్ వాల్యూ చేసి, విలువగా నాట్‌స్పెసిఫైడ్ అని పెట్టండి. ఈ పేర్లు ఇంగ్లిష్‌లోనే, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి. సైనౌట్ చేసి మళ్లీ లోపలికి రండి. ఇకపై చాలావరకు ఫోల్డర్లు జనరల్ రకంగానే తెరుచుకుంటాయి. ఫొటోల కాలమ్స్ కావలసిన చోట కస్టమైజ్‌లో చేత్తో పిక్చర్స్ అని పెట్టుకోవచ్చు.

'అప్లై టు ఫోల్డర్స్' నొక్కినా కొన్ని ఫోల్డర్లే మారాయి

ఆ బటన్ అదే రకం ఫోల్డర్లకే పనిచేస్తుంది. జనరల్ ఫోల్డర్‌లో నిలబడి ఒకసారి, పిక్చర్స్ ఫోల్డర్‌లో ఒకసారి, ఇలా మీరు వాడే ప్రతి రకానికీ విడిగా నొక్కాలి. విండోస్ 11లో పైన మూడు చుక్కలు, ఆప్షన్స్, వ్యూ ట్యాబ్‌లో ఇది ఉంటుంది. విండోస్ 10లో వ్యూ ట్యాబ్ చివర ఉన్న ఆప్షన్స్ నుంచి వెళ్లాలి. దిస్ పీసీలో ఉండి చూస్తే బటన్ మసకగా ఉంటుంది, మామూలు ఫోల్డర్‌లోకి వెళ్లి చూడండి.

పని మధ్యలోనే వ్యూ దానంతటదే మారుతోంది

కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే వ్యూ మారుతుంది. ఆల్బమ్‌కి ఫొటోలు ఏరేటప్పుడు జరిగేది ఇదే: కంట్రోల్ మీద వేలు అలాగే ఉంచి కిందికి జరగబోతారు, లార్జ్ ఐకాన్స్ కాస్తా లిస్ట్ అయిపోతుంది, ఆ మార్పే సేవ్ అవుతుంది. వ్యూ మెనూలో 'ఐటెమ్ చెక్ బాక్సెస్' ఆన్ చేసుకుంటే కంట్రోల్ అవసరమే లేకుండా టిక్కులతో ఏరుకోవచ్చు. పొరపాటున మారినా కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే డీటెయిల్స్, 6 బదులు 2 నొక్కితే లార్జ్ ఐకాన్స్ తిరిగి వస్తాయి.

ఒకే ఫోల్డర్, రెండు రకాలుగా

లైబ్రరీ నుంచి తెరిచిన పిక్చర్స్ వేరు, సి డ్రైవ్‌లోంచి నడిచి వెళ్లిన పిక్చర్స్ వేరు. దారి వేరైతే నమోదు వేరు. సాఫ్ట్‌వేర్లలో వచ్చే ఓపెన్, సేవ్ డబ్బాల వ్యూ కూడా విడిగానే దాచుకుంటుంది, దాన్ని అక్కడే మార్చాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకరోజు ఇ, ఇంకోరోజు ఎఫ్ అక్షరంతో వస్తుంటే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దానికి ఇంగ్లిష్ అక్షరాల్లో చివరివైపు ఉండే పి లాంటిది ఒకటి ఖాయం చేయండి.

డౌన్‌లోడ్స్ మాత్రం ఫైళ్లను నిన్న, పోయిన వారం అంటూ గుంపులు చేస్తుంది. అక్కడ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి గ్రూప్ బైలో నన్ ఎంచుకోండి.

ఏ ఫోల్డరూ ఏదీ గుర్తుపెట్టుకోవడం లేదు

మొదట రిజిస్ట్రీ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా నడుస్తోందేమో చూడండి. విండోల సైజు, స్థానం తుడిచే ఆప్షన్ ఉంటే తీసేయండి. మా సలహా అడిగితే అలాంటి సాఫ్ట్‌వేరే వద్దు.

అది కాకపోతే నమోదు పాడై ఉండొచ్చు. పైన చెప్పిన దారిలో బ్యాగ్స్ కంటే ముందున్న షెల్ కీని ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి. ఎక్స్‌ప్లోరర్ విండోలన్నీ మూసి, అందులోని బ్యాగ్స్, బ్యాగ్‌ఎంఆర్‌యు రెండూ డిలీట్ చేయండి. టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ని రీస్టార్ట్ చేయండి. పాత వ్యూలన్నీ పోతాయి, పైన పెట్టిన ఫోల్డర్‌టైప్ విలువ కూడా పోతుంది. దాన్ని మళ్లీ పెట్టుకోవాలి.

ఏళ్ల తరబడి వేల ఫోల్డర్లు తెరిచిన స్టూడియో కంప్యూటర్లకి ఇంకో కారణం ఉంటుంది. నమోదుల పరిమితి మామూలుగా 5000. నిండితే పాతవి పోయి కొత్తవి చేరతాయి. అదే షెల్ కీలో బ్యాగ్‌ఎంఆర్‌యు సైజ్ అనే డీవర్డ్ వాల్యూ తెరిచి 10000 పెట్టండి. ఈ పేరులో సైజ్‌కి ముందు ఒక ఖాళీ ఉంటుంది. అంకె టైప్ చేసేముందు బేస్ దగ్గర డెసిమల్ ఎంచుకోవాలి, లేకపోతే హెక్సాడెసిమల్ లెక్కలో అది 65536 అవుతుంది.

మార్చిన వ్యూ చాలావరకు విండో మూసినప్పుడే నమోదవుతుంది. తుపాను రోజుల్లో కరెంటు ఉన్నట్టుండి పోయే చోట యూపీఎస్ లేకపోతే తెరిచి ఉన్న విండోల మార్పులు దక్కవు. వ్యూ మార్చాక విండో ఒకసారి మూసి తెరవడం అలవాటు చేసుకోండి.

యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు బదులు టెంప్ అనే తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉంటే ఏదీ నిలవదు. ముందు మీ ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి మార్చుకుని, రీస్టార్ట్ చేయండి. కాలేజీ ల్యాబుల్లో, నెట్ సెంటర్లలో రీస్టార్ట్ అవగానే పాత స్థితికి తిప్పే సాఫ్ట్‌వేర్ ఉండొచ్చు. అక్కడ ల్యాబ్ చూసేవాళ్లు దాన్ని ఆపి, వ్యూ సెట్ చేసి, మళ్లీ ఆన్ చేయాల్సిందే.