పెన్సిల్ కంటే ముందు మట్టిముద్ద

ఒకటో తరగతికి పాఠాలు చెప్పిన మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు, మొదటి వారమే పిల్లల చేతికి గీతల నోటుబుక్ ఇవ్వడం. ఒక పాప పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుని కాగితం చిరిగేలా నొక్కి రాసేది. బద్ధకం అనుకున్నాను. కాదు. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు ఆ వయసుకి ఇంకా పూర్తిగా గట్టిపడవు, వేళ్లకీ అంత పట్టు ఉండదు.

ఇప్పుడైతే రాతకి ముందు కాసేపు మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితాలు చింపి అతికించడం చేయిస్తాను. గది పాడవుతుంది, పాడవనివ్వండి. పొడుగు పెన్సిల్ ఇస్తే పిడికిలి బిగిస్తారు. బొటనవేలంత ముక్క ఇస్తే పిడికిలికి చోటుండదు, మూడు వేళ్లూ మెల్లగా సర్దుకుంటాయి.

లెక్కలకి వస్తే, 6 గింజలు దగ్గరగా ఒక వరుస, 6 గింజలు ఎడంగా ఇంకో వరుస పేర్చి ‘ఎందులో ఎక్కువున్నాయి?’ అని అడగండి. చాలామంది ఎడంగా ఉన్న వరుసనే చూపిస్తారు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే ఎప్పుడో గమనించిన సంగతే ఇది. ఆరేడేళ్ల లోపు పిల్లలు అలా అనుకోవడం మామూలే, టెన్షన్ పడకండి. ‘తప్పు’ అనకుండా పై గింజకీ కింది గింజకీ జత కలపమనండి.

కదలకుండా కూర్చోమనడం నేను మానేశాను. పది పదిహేను నిమిషాలకోసారి లేపి గెంతిస్తాను.

ఏడుస్తున్న పిల్లకి మాత్రం ముందు పాఠం వద్దు. పక్కన కూర్చుని, ‘బొమ్మ లాక్కున్నాడని కోపమొచ్చిందా?’ అని అడగండి.