యూదా పేరు చూసి కొనండి

ఏసు కథని రాక్ పాటల్లో చెప్పే నాటకం జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్ పాత రికార్డు కొంటున్నారా? అట్ట మీద ముందు యూదా పాత్రధారి పేరు వెతకండి. మర్రీ హెడ్ అని ఉంటే అది 1970 నాటి రెండు రికార్డుల సెట్. అప్పటికింకా ఆ కథ న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో స్టేజీ ఎక్కలేదు. బెన్ వెరీన్ అని ఉంటే 1971 బ్రాడ్‌వే నటులది. మగ్దలేనే మరియ పేరు చూస్తే లాభం లేదు, రెండింట్లోనూ ఇవాన్ ఎలిమనే. నేను బోల్తాపడింది అక్కడే.

మా పాలకొల్లు తేమకి వానాకాలం రికార్డులు బూజు పడతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి, అడ్డంగా వద్దు. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. ఆరాక నిలబెట్టి దాచండి. నేనొకటి అటక మీద పడుకోబెట్టి, పైన ఇత్తడి బిందె పెట్టాను. ఇప్పుడు దాని మీద సూది గోదాట్లో నాటు పడవలా ఊగుతోంది.