జాతి, చదువు, సంపాదన: అమెరికా అర్థశాస్త్ర పరిశోధనను చదివే పద్ధతి

అమెరికాలో జాతి, చదువు, ఆర్థిక అసమానతల మీద వెలువడిన పరిశోధనా పత్రం చేతికి రాగానే చాలామంది సారాంశం చదివి, అందులోని ఒక అంకెను గుర్తుపెట్టుకుని, దానితోనే వాదనకు దిగుతారు. ఆ అంకె దేనిని కొలుస్తున్నదో తేల్చుకోవడం మొదటి పని. గంట వేతనం, ఏడాది సంపాదన, కుటుంబ ఆదాయం, కూడబెట్టిన ఆస్తి వేర్వేరు కొలతలు. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం అప్పులు పోను శ్వేతజాతి కుటుంబపు మధ్యగత ఆస్తి (కుటుంబాలను ఆస్తి క్రమంలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే కుటుంబానిది) సుమారు 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది సుమారు 44,900 డాలర్లు. వేతనాల్లో తేడా ఇంత పెద్దది కాదు. వేతనం ఈ తరం చేసిన పనికి వచ్చే ప్రతిఫలం. ఆస్తిలోనైతే తాతలు కొన్న ఇల్లు, కొందరు తాతలను ఆ ఇల్లు కొననివ్వని నిబంధనలు కూడా కలిసి ఉంటాయి. చెప్పినది మధ్యగతమో సగటో కూడా చూడాలి, ఎందుకంటే కొద్దిమంది అపర కుబేరుల ఆస్తి సగటును పైకి లాగేస్తుంది కానీ మధ్యగతాన్ని కదిలించలేదు.

ఆ తరువాత లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది వెతకాలి. ఇది సాధారణంగా పట్టికల కింద సన్నటి అక్షరాల్లో ఉంటుంది. వేతనాల లెక్కలకు ఎక్కువగా వాడే, అమెరికా ప్రభుత్వం ఇళ్లలో ఉండేవారిపై జరిపే ‘కరెంట్ పాపులేషన్ సర్వే’లో జైళ్లలో ఉన్నవారు లెక్కకు రారు, ఉద్యోగం లేనివారికి వేతనమే ఉండదు గనుక వారూ ఆ పోలికలో కనిపించరు. పరీక్షకు రాని పిల్లలను వదిలేసి తరగతి సగటు తీస్తే మార్కులు పెరిగినట్టు కనిపిస్తాయి కానీ చదువు పెరిగినట్టు కాదు. 1980ల నుంచి అమెరికా జైళ్లు నిండుతూ వచ్చిన కాలంలో నల్లజాతి పురుషుల సగటు వేతనం విషయంలో ఇదే జరిగిందని బ్రూస్ వెస్టర్న్, బెకీ పెటిట్ 2005లో చూపారు. మన వాళ్లు ఇక్కడే మరో పొరపాటు చేస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆదాయాన్ని చూపి, కష్టపడితే ఎవరికైనా సాధ్యమే కదా అంటారు. హెచ్‌-1బీ వీసాకు డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ కావాలి. అంటే చదువుకున్నవారిని వడకట్టి ఎంచుకున్న సమూహాన్ని, అలాంటి వడపోత లేని సమూహంతో పోలుస్తున్నామన్నమాట.

అసలు చిక్కు రిగ్రెషన్ పట్టికలో, అంటే ఇతర అంశాలను సమానం చేశాక (ఆ అంశాల్లో ఒకేలా ఉన్నవారిని పోల్చినట్టు లెక్క వేశాక) ఎంత తేడా మిగిలిందో చూపే పట్టికలో ఉంటుంది. దానిని ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క నిలువు వరుసగా చదవాలి. మొదటి వరుసలో సాధారణంగా వయసు మాత్రమే సమానం చేసి తేడా చూపుతారు. తరువాతి వరుసల్లో చదివిన సంవత్సరాలు, పరీక్ష మార్కులు, వృత్తి ఒక్కొక్కటిగా చేరుతుంటే, జాతి పక్కనున్న అంకె తగ్గుతూ పోతుంది. తగ్గిన మేరకు వివక్ష లేనట్టే అని చదవడం అన్నిటికంటే పెద్ద తప్పు.

డెరెక్ నీల్, విలియం జాన్సన్ 1996లో ప్రచురించిన పత్రం దీనికి మంచి అభ్యాసం. 1980లో దేశవ్యాప్తంగా యువతకు పెట్టిన ఒక అర్హతా పరీక్ష మార్కులను, ఆ యువత పెద్దయ్యాక సంపాదించిన వేతనాలతో వారు కలిపి చూశారు. మార్కులు సమానం చేస్తే నల్లజాతి, శ్వేతజాతి యువకుల మధ్య వేతన అంతరంలో దాదాపు నాలుగింట మూడు వంతులు మాయమయ్యాయి. స్త్రీల విషయంలో మొత్తం అంతరమే పోయింది. కాబట్టి యజమానులు వివక్ష చూపడం లేదు అని కొందరు ఈ ఫలితాన్ని ఉటంకిస్తారు. కానీ ఆ మార్కులు పుట్టుకతో వచ్చినవని పత్రం అనలేదు. కార్మిక విపణిలో అడుగు పెట్టకముందే, అంటే ఇంట్లో, బడిలో, వాడలో ఏర్పడిన తేడాల గురించే దాని వాదన. నాసిరకం బడికి పంపి, ఆ బడిలో చదివినందువల్ల వచ్చిన తక్కువ మార్కులను సమానం చేసి, చూశారా తేడా లేదు అంటే, అన్యాయం పోయినట్టు కాదు. దాని చిరునామా మారిందంతే. వృత్తిని సమానం చేసిన వరుస విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మంచి వృత్తిలోకి రానివ్వకపోవడమే వివక్ష అయినప్పుడు, అదే వృత్తిలో ఉన్నవారిని మాత్రమే పోల్చితే వెతుకుతున్న వస్తువునే లెక్క నుంచి తీసేసినట్టవుతుంది. అందుచేత సమానం చేసిన ప్రతి అంశం పక్కన, ఇది జాతి వల్ల ముందే ప్రభావితమైనదా అని పెన్సిలుతో రాసుకోవడం మేలు.

బడుల నాణ్యత ఎంత పని చేసిందో చూడాలంటే డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1992 పత్రం చదవాలి. దక్షిణ రాష్ట్రాల్లో వేరుగా నడిపిన నల్లజాతి బడుల్లో ఏడాదికి పని దినాలు తక్కువ, ఒక్కో ఉపాధ్యాయుడికి పిల్లలు ఎక్కువ, జీతాలు తక్కువ. ఆ తేడాలు క్రమంగా తగ్గడం వల్లనే 1960, 1980 మధ్య సంపాదన అంతరం తగ్గినదానిలో 20 శాతం జరిగిందని వారి అంచనా. మిగిలిన 80 శాతానికి కారణాలు వేరేచోట వెతకాలని కూడా ఈ అంకె చెబుతున్నది.

కొన్ని పత్రాలు జరిగినదాన్ని చూసి ఊరుకోకుండా ప్రయోగమే చేస్తాయి. మరియాన్ బెర్ట్రాండ్, సెంథిల్ ములైనాథన్ బోస్టన్, చికాగో పత్రికల్లోని 1,300కు పైగా ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత బయోడేటాలు పంపి, వాటిపై ఎమిలీ, గ్రెగ్ వంటి పేర్లను, లకీషా, జమాల్ వంటి పేర్లను లాటరీ పద్ధతిలో వేశారు. 2004లో వచ్చిన ఫలితం ప్రకారం మొదటి రకం పేర్లకు 9.65 శాతం, రెండవ రకం పేర్లకు 6.45 శాతం పిలుపులు వచ్చాయి. ఈ తేడాను 3.2 శాతం అనకూడదు, 3.2 శాతం పాయింట్లు అనాలి. నిష్పత్తిగా చెబితే అది 50 శాతం. కాగితం మీద లెక్క వేసుకుంటే ఇంకా స్పష్టమవుతుంది: 100ను 9.65తో భాగిస్తే సుమారు 10, 6.45తో భాగిస్తే సుమారు 15. అంటే ఒక్క పిలుపు కోసం ఎమిలీ పది అర్జీలు పెడితే లకీషా పదిహేను పెట్టాలి. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన పట్టిక మరొకటి ఉంది. బయోడేటాను మెరుగుపరిస్తే ఎమిలీకి పిలుపులు దాదాపు 30 శాతం పెరిగాయి, లకీషాకు పెద్దగా పెరగలేదు. చదువుకుంటే అన్నీ సర్దుకుంటాయన్న మాటకు ఇది గట్టి పరీక్ష. అయితే ఈ ప్రయోగం కొలిచింది ఉద్యోగపు గుమ్మం దగ్గరి పిలుపును మాత్రమే. లోపలికి వెళ్లాక వచ్చే జీతాన్ని కాదు. ఇదే పద్ధతితో సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటవెల్ భారతదేశంలో దళిత, అగ్రకుల పేర్లతో చేసిన 2007 అధ్యయనాన్ని పక్కన పెట్టుకుని చదివితే మనకు ఈ పద్ధతి తొందరగా వంటబడుతుంది.

ఎన్నేళ్లు వేచి చూశారన్నదీ అడగాలి. 1990లలో అయిదు నగరాల్లో సుమారు 4,600 పేద కుటుంబాలతో ‘మూవింగ్ టు ఆపర్చునిటీ’ ప్రయోగం జరిగింది. మెరుగైన వాడలకు మారేందుకు లాటరీ ద్వారా అద్దె సహాయం ఇచ్చారు. పెద్దల సంపాదనలో మార్పు కనిపించకపోవడంతో మొదట్లో ఇది విఫలమైందన్నారు. పిల్లలు పెరిగాక, 2016లో రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ మళ్లీ లెక్క తీస్తే, 13 ఏళ్లు నిండకముందు వాడ మారినవారి సంపాదన యుక్తవయసులో 31 శాతం ఎక్కువగా ఉంది.

చివరగా, స్త్రీ పురుషులను విడదీసి చూశారా అని చూడాలి. చెట్టి, హెండ్రెన్‌లు మరో ఇద్దరితో కలిసి 2020లో ప్రచురించిన పత్రంలో, తల్లిదండ్రుల ఆదాయం సమానమైనా నల్లజాతి అబ్బాయిలు పెద్దయ్యాక శ్వేతజాతి అబ్బాయిల కంటే తక్కువ సంపాదిస్తున్నారు. అమ్మాయిల వ్యక్తిగత సంపాదనలో అలాంటి తేడా దాదాపు లేదు. రెండు లెక్కలను కలిపేస్తే ఈ సంగతి కనిపించదు.

చదవడం పూర్తయ్యాక పత్రం మూసేసి, దాని ఫలితాన్ని ఒకే వాక్యంలో తెలుగులో రాయండి; ఎవరిని, ఎప్పుడు, దేనిని సమానం చేసి పోల్చారో ఆ వాక్యంలో ఉండాలి. ఉదాహరణకు: “1978, 1983 మధ్య అమెరికాలో పుట్టి, ఒకే ఆదాయమున్న ఇళ్లలో పెరిగిన నల్లజాతి, శ్వేతజాతి మగపిల్లల మధ్య ముప్పైల వయసులో సంపాదన అంతరం ఉంది, తల్లిదండ్రుల చదువును లెక్కలోకి తీసుకున్నా అది పెద్దగా తగ్గలేదు.” ఈ వాక్యంలో ఏ భాగమైనా పూరించలేకపోతే పట్టిక కింది సన్నటి అక్షరాలను మళ్లీ చదవాలి.