ఇల్లు అద్దెకిచ్చి విదేశానికి వచ్చారా? ముందు ఈ పని చూడండి

మొన్న ఆదివారం ఒక తమ్ముడు మా ఇంటికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. సొంత ఫ్లాట్ అద్దెకిచ్చి, ఉద్యోగానికి ఇక్కడికొచ్చి రెండేళ్లయింది. ఇప్పుడు అద్దెకున్నాయనకు పన్ను నోటీసు వచ్చింది. "మీరు ఎన్నారై అని నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అని ఆయన నిలదీశారట.

నాకూ అచ్చం ఇదే జరిగింది. పాత సేవింగ్స్ ఖాతాలో నెలనెలా అద్దె పడుతోంది కదా అని ఊరుకున్నాను. మా అద్దెదారుకు నోటీసు వచ్చాక ఆయన మూడు నెలలు అద్దె ఆపేశారు. మంచి మనిషి, తప్పు నాదే. ఈఎంఐ కట్టలేక, ఎవరికీ చెప్పుకోలేక నిద్రలేని రాత్రులు గడిపాను.

అసలు విషయం ఇది. యజమాని దేశంలోనే ఉంటే, సొంతానికి అద్దెకున్న మామూలు మనిషి, అద్దె నెలకు 50,000 దాటితేనే టీడీఎస్ (అద్దె ఇచ్చేముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. యజమాని ప్రవాసి అయితే ఆ పరిమితే లేదు. 30 శాతం పన్ను, ఆ పన్నుమీద 4 శాతం సెస్ (అదనపు పన్ను), మొత్తం 31.2 శాతం. అంటే 25,000 అద్దెలో 7,800. అద్దెదారు టాన్ నంబరు (పన్ను కోసేవాళ్లకు ఇచ్చే నంబరు) తీసుకుని మరీ అది కట్టాలి. కోయకపోతే ఆ పన్ను, వడ్డీతో సహా ఆయన మెడకే చుట్టుకుంటుంది. మీరు చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? ఫోన్‌లో చెప్పి వదిలేయకండి, రాసి పంపండి.

ఎప్పటి నుంచి ప్రవాసి అవుతాం అని అందరూ అడుగుతారు. ఉద్యోగానికి దేశం దాటగానే బ్యాంకు లెక్కలో మీరు ప్రవాసి, పాత ఖాతాను ఎన్ఆర్ఓగా (ఇండియాలో వచ్చే ఆదాయానికి ప్రవాసులు వాడే ఖాతాగా) మార్పించాలి. పన్నుకు మాత్రం రోజుల లెక్క. ఉద్యోగానికి వచ్చినవారు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజులకన్నా తక్కువ ఉంటే ప్రవాసి కిందకే వస్తారు. దయచేసి ఈ రెండిటినీ కలిపేయకండి, ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే పొరబడుతున్నారు.

ఇంటి పనులకు నాన్నగారికో, తమ్ముడికో పవరాఫ్ అటార్నీ (మీ తరఫున పనిచేసే అధికార పత్రం) ఇస్తుంటే ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టి స్టాంపు వేయించమని వాళ్లకు గుర్తుచేయండి.

సరే, మరీ టెన్షన్ పడకండి. కోసిన డబ్బంతా పోయినట్టు కాదు. రిటర్న్ వేస్తే, కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదానిలో 30 శాతం మినహాయించాకే పన్ను లెక్కిస్తారు. ఎక్కువ కోసి ఉంటే రిఫండ్ వస్తుంది. నాకూ వచ్చింది. తక్కువ కోయమనే సర్టిఫికెట్‌ను పన్ను శాఖను ముందే అడగొచ్చు కూడా. ఆ తమ్ముడి వ్యవహారమూ సర్దుకుంటుంది, సీఏతో మాట్లాడించాను. మీరు మాత్రం ఈ రాత్రే మీ అద్దెదారుకు మెయిల్ పెట్టండి.