జరీ దారం మాటిమాటికీ తెగుతుంటే

బ్లౌజ్ చేతుల మీద కంప్యూటర్ మిషన్‌తో జరీ వర్క్ వేస్తుంటే దారం పదేపదే తెగడం పెద్ద విసుగు. టెన్షన్ (దారం బిగుతు) జోలికి పోయే ముందు సూది మార్చండి. మామూలుగా వేసే 75/11 సైజు సూది కన్ను జరీకి ఇరుకు. ఆ రాపిడికి దారం మీది మెరుపు రేకు లేచి, దారం చిట్లుతుంది. 90/14 వేసి, వేగాన్ని నిమిషానికి 500 కుట్లకు తగ్గించండి.

రీలును మిషన్‌కు ఆనించి కాకుండా రెండు మూడు అడుగుల దూరంలో స్టాండు మీద నిలబెట్టండి. రీలు నుంచి వచ్చే మెలికలు సూదిని చేరేలోపు విడిపోతాయి. చాలామంది పట్టించుకోరు గానీ దారం తెగడం చాలావరకు ఇక్కడే ఆగుతుంది.

అప్పుడు పై టెన్షన్‌ను కొద్దికొద్దిగా వదులు చేస్తూ గుడ్డ వెనక్కి తిప్పి చూడండి. శాటిన్ కుట్టు (పక్కపక్కనే దగ్గరగా వేసే నిండు కుట్టు) మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, అంటే కింది చిన్న రీలు దారం, కనిపిస్తే సరిపోయినట్టే. బాబిన్‌లో మాత్రం జరీ వద్దు, పాలిస్టర్ దారమే వేయండి.

డిజైన్‌లో కుట్ల మధ్య ఎడం 0.4 మి.మీ. లేదా అంతకన్నా తక్కువుంటే ఇవన్నీ చేసినా దారం తెగొచ్చు. అది మామూలు దారానికి చేసిన డిజైన్. సాఫ్ట్‌వేర్‌లో ఎడం 0.5 దాటించి, ముందు వేస్ట్ గుడ్డ మీద వేసి చూడండి.