కంప్రెసర్ గాలి పొదుపు – 3వ పాఠం: లీకెంతో స్టాప్‌వాచ్‌తో తేల్చడం

గత పాఠంలో గాలి లైన్ల పటం గీసుకున్నాం. ఇవాళ లీకు కొలుద్దాం. ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. ఈ లెక్క లోడ్–అన్‌లోడ్ పద్ధతిలో నడిచే కంప్రెసర్‌కే, అంటే ప్రెషర్ నిండేదాకా గాలి నింపి (లోడ్), నిండాక మోటారు తిరుగుతూనే నింపడం ఆపేదానికి (అన్‌లోడ్). వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) ఉన్నదానికి పనికిరాదు.

షిఫ్టు లేని రోజు మెషీన్లన్నీ ఆపండి, కానీ వాటి గాలి వాల్వులు తెరిచే ఉంచండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వాల్వులు కట్టేసి కొలిస్తే లీకు తక్కువే కనబడుతుంది. ఎందుకంటే గాలి ఎక్కువగా పోయేది మెషీను దగ్గరి చివరి పదడుగుల్లో: హోస్ క్లిప్పు, క్విక్ కప్లర్, ఎఫ్‌ఆర్‌ఎల్ (గాలిని వడకట్టి, ప్రెషర్ సరిచేసి, నూనె కలిపే పరికరం) బౌల్, సిలిండర్ సీలు. కరెంటు తీసినప్పుడు కొన్ని సిలిండర్లు కదులుతాయి, దగ్గర ఎవరూ లేకుండా చూడండి.

కంప్రెసర్ నడిపి, ప్రెషర్ నిండాక లోడ్‌లో ఎంతసేపు ఉందో, అన్‌లోడ్‌లో ఎంతసేపు ఉందో పదిసార్లు రాసి సగటు తీయండి. లోడ్ 1.5 నిమిషాలు, అన్‌లోడ్ 3.5 నిమిషాలు వస్తే 1.5ని 5తో భాగించండి: 30 శాతం. 320 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) కంప్రెసర్‌లో 96 సీఎఫ్‌ఎం ఏ పనీ చేయకుండా పోతోందన్నమాట. 10 శాతం లోపు ఉంటేనే బాగున్నట్టు.

ఇక డబ్బు లెక్క. అన్‌లోడ్‌లో కూడా మోటారు కరెంటు లాగుతుంది, దాన్ని మరిచిపోతే పొదుపు ఎక్కువ చేసి చెప్పినట్టే. లోడ్‌లో 58, అన్‌లోడ్‌లో 17 కిలోవాట్లు లాగే మెషీను అనుకుందాం. లీకు 30 నుంచి 10 శాతానికి దిగితే గంటకు 8.2 యూనిట్లు, ఏడాదికి 7200 గంటలకు 59,040 యూనిట్లు మిగులుతాయి.

లీకు వెతకడానికి సబ్బునీళ్లు కుంచెతో రాయండి. సన్న లీకు దగ్గర తెల్లటి నురుగు మెల్లగా ఉబ్బుతుంది. పెద్ద లీకు దగ్గర నురుగు నిలవకుండా చిమ్ముకుపోతుంది. మర జాయింటుకు టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే మూడు నాలుగు చుట్లు చుట్టండి. మొదటి మర వదిలేయండి, లేకపోతే తెగిన టేపు ముక్క సోలనాయిడ్ వాల్వులో ఇరుక్కుంటుంది.

లీకులు మూశాక ప్రెషర్ సెట్టింగు 0.2 బార్ చొప్పున తగ్గిస్తూ రండి, మెషీన్లు సరిగా నడుస్తున్నంతవరకే. 7 బార్ దగ్గర ఒక బార్ తగ్గితే కరెంటు దాదాపు 6–7 శాతం తగ్గుతుంది. సెట్టింగు అలాగే వదిలేస్తే మిగిలిన లీకులే ఇంకాస్త తాగుతాయి.

ఈ వారం పని: దొరికిన ప్రతి లీకుకూ నంబరు రాసిన ట్యాగు కట్టండి. మరమ్మతు అయ్యాక మళ్లీ సెలవురోజున కొలిచి, రెండు సమయాలూ తేదీతో కంప్రెసర్ తలుపు మీద రాసి పెట్టండి. వచ్చే పాఠంలో డ్రెయిన్ వాల్వులు, డ్రయర్ చూద్దాం.