పైథాన్ కంపైల్ చేశాక సీటైప్స్ లేదంటోందా? నాకు పని చేసింది ఇది

గుంటూరు బ్రాడీపేటలో మా కోచింగ్ బ్యాచ్ వాళ్లు ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు, అందుకే రాసి పెడుతున్నా. ఉబుంటు 22.04లో పైథాన్ 3.12ని సోర్స్ నుంచి బిల్డ్ చేస్తే మేక్ (కంపైల్ చేసే కమాండ్) బాగానే పూర్తవుతుంది, తీరా ప్రోగ్రాం నడిపితే సీటైప్స్ (పైథాన్ నుంచి సీ లైబ్రరీలను వాడుకునే మాడ్యూల్) లేదంటుంది. పిప్ మళ్లీ వేయడం, పాత్ మార్చడం, సీటైప్స్‌కి కావలసిన లైబ్రరీ లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ8 ఉందో లేదో చూడడం, ఏదీ పని చేయలేదు.

అసలు సంగతి మేక్ చివర్లో గబగబా వెళ్లిపోయే లైన్లలో ఉంది: ఫలానా ఆప్షనల్ మాడ్యూల్స్‌కి కావలసినవి దొరకలేదని పేర్లతో సహా చెప్తుంది గానీ ఎర్రర్ ఇచ్చి ఆగదు. ప్రోగ్రాం నడవడానికి లైబ్రరీ ఉంటే చాలు, కంపైల్‌కి హెడర్ ఫైళ్లు కూడా కావాలి, అవేమో విడిగా డెవ్ ప్యాకేజీలో ఉంటాయి.

ముందు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎఫ్‌ఎఫ్‌ఐ-డెవ్’. తర్వాత సోర్స్ ఫోల్డర్లో ‘మేక్ డిస్ట్‌క్లీన్’ (పాత బిల్డ్ ఫైళ్లు తుడిచేయడానికి), మళ్లీ కాన్ఫిగర్, మళ్లీ మేక్. ఆ లిస్టులో సీటైప్స్ పేరు పోయిందని చూసుకున్నాకే ‘సుడో మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్’. ఉత్త ఇన్‌స్టాల్ కొడితే టెర్మినల్లో పైథాన్3 అన్నప్పుడు కొత్తదే వస్తుంది, ఆ టెన్షన్ మనకెందుకు.

ఎస్ఎస్ఎల్ (సురక్షిత కనెక్షన్ల మాడ్యూల్) లేదన్నప్పుడు కూడా నాకు ఇదే దారి పనికొచ్చింది, ప్యాకేజీ లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్. ఫెడోరాలో అయితే పేర్ల చివర డెవెల్ అని ఉంటుంది. లైబ్రరీని మీరే వేరే ఫోల్డర్లో బిల్డ్ చేసుకుని ఉంటే మాత్రం ఇదొక్కటే సరిపోకపోవచ్చు.